పెళ్ళికూతురి జడ: జీలకర్ర బెల్లం పెట్టే చోటు వదిలి నగలు ఎంచుకోండి

నగల కొట్లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏ జడబిళ్ళల సెట్టయినా బాగానే ఉంటుంది. పెళ్ళిలో మాత్రం అమ్మాయి నిలబడి ఉండేది తక్కువ. గౌరీపూజలో ముందుకు వంగుతుంది. మేనమామలు గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకొస్తారు. గంటలకొద్దీ పీట మీద కూర్చుంటుంది. నడినెత్తిన జీలకర్ర బెల్లం పెట్టించుకుంటుంది. తాళి కట్టే వేళ వెనక ఎవరో జడ ఎత్తి పట్టుకుంటారు. దోసెళ్ళకొద్దీ తలంబ్రాలు తల మీద పడతాయి. చివర్లో అరుంధతిని చూడడానికి తల వెనక్కి వాల్చాలి. తలకు పెట్టే ప్రతి నగా ఇన్నిటికీ తట్టుకోవాలి. అందుకని ముందు తంతు చూసుకుని, తర్వాత నగ ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను. ఇంటింటికీ ఆచారం మారుతుంది కాబట్టి బాసికం ఎప్పుడు కడతారు, మధుపర్కాలకు ఎప్పుడు మారాలి, తాళి ముందు నుంచి కడతారా వెనక నుంచా అన్నవి పురోహితుణ్ణి ముందే అడిగి, జడ వేసే ఆవిడకు కూడా చెప్పండి.

అన్నిటికన్నా ముందు నడినెత్తి సంగతి. సుముహూర్తానికి పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం ముద్దను తమలపాకులో పెట్టి సరిగ్గా మాడు మీద ఉంచి చెయ్యి అదిమి పట్టుకుంటాడు. ఆ చోట ఏ నగా ఉండకూడదు, పూలు కూడా ఉండకూడదు. ఇప్పుడు చాలామంది జుట్టు ఎత్తుగా కనిపించాలని నెత్తి మీద జుట్టును చిక్కుదువ్వి, లోపల స్పాంజి మెత్త పెట్టి పైకి లేపుతున్నారు. దాని మీద ముద్ద నిలవదు, పక్కకు జారుతుంది. చెయ్యి అదిమితే మెత్త కిందికి కుంగి జడంతా వదులవుతుంది. ఎత్తు కావాలనుకుంటే మాడుకు వెనక, రాకుడి (తల వెనక జడ మొదట్లో పెట్టే గుండ్రటి బిళ్ళ) పైన మాత్రమే కొద్దిగా లేపించుకోండి. మాడు మీద ఓ అరచేయంత మేర చదునుగా, పాపిడి తీసి నున్నగా దువ్వి ఉండాలి.

పాపిడి బిళ్ళతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. దాని గొలుసు కొక్కెం మాడు దాకా వచ్చేట్టుంటే బెల్లం పాకం గొలుసు కడియాల్లోకి దిగి, వెంట్రుకలతో కలిసి గట్టిపడుతుంది. గొలుసు పొడవును కొనేముందే తల మీద పెట్టి చూడాలి. బిళ్ళ కిందంచు బొట్టుకు బొటనవేలంత పైన ఆగాలి. అక్కణ్ణుంచి పాపిడి వెంట వెనక్కి వెళ్ళిన గొలుసు, మాడుకు కనీసం రెండు అంగుళాల ముందే ముగియాలి. ఎక్కువైన గొలుసును మడిచి దాచే బదులు కంసాలి చేత రెండు కడియాలు తీయించడం మేలు. మడత పెట్టిన చోట లావై, బిళ్ళ ఒక పక్కకు ఒరుగుతుంది.

బిళ్ళ తిరగబడడానికి కారణం సాధారణంగా ఒక్కటే. గొలుసు ఒక్క కొక్కెం మీదే వేలాడుతుంటుంది. వంగి దణ్ణం పెట్టగానే అది ముందుకు ఊగి, తల ఎత్తేసరికి బోర్లా పడుతుంది. కొక్కేన్ని స్లైడుతో బిగించాక, గొలుసు మధ్యలో ఒక కడియం గుండా సన్నటి యు పిన్ను పాపిడి పక్క జుట్టులోకి దించండి. బిళ్ళకు పైన ఒక అంగుళం దూరంలో ఇంకొకటి చాలు. నుదుటికి టేపు అంటించే పద్ధతి హోమం ముందు కూర్చున్న పావుగంటకే చెమటకు ఊడిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

ఇక బాసికం. అది నుదుటి మీద అడ్డంగా వచ్చి, దారం చెవుల పైనుంచి వెనక్కి వెళ్ళి ముడిపడుతుంది. వెడల్పాటి పాపిడి బిళ్ళా, బాసికమూ ఒకే చోటుకి పోటీ పడితే బాసికం బిళ్ళ మీదెక్కి పైకి లేచిపోతుంది, లేదా కనుబొమ్మల మీదికి జారుతుంది. నుదురు చిన్నదైతే బిళ్ళ అంగుళం వెడల్పుకు మించకూడదు. పెద్ద బిళ్ళ మీద మరీ మనసైతే దాన్ని రిసెప్షన్‌కు ఉంచుకుని, ముహూర్తానికి చిన్నది పెట్టుకోండి. రెండు వైపులా చెవుల దాకా ముత్యాల వరుసలు వెళ్ళే పాపిడి చేర్లు కూడా బాసికం దారంతో చిక్కుపడతాయి. వాటిని పెట్టేటట్టయితే వరుసలు జుట్టు మొదళ్ళకు రెండు వేళ్ళు వెనగ్గా పోయేలా పిన్ను చేసి, కింద దారానికి దారి వదలాలి. బాసికం ముడి జడ కిందికి రావాలా పైకి రావాలా అని అప్పటికప్పుడు వెతుక్కోకుండా, రాకుడి కిందగా జడ మొదట్లో ముడి వేయమని ముందే చెప్పి పెట్టుకోండి. రాకుడి మీదుగా వేస్తే దారం జారుతుంది.

పాపిడికి రెండు పక్కలా సూర్యుడు, చంద్రుడు బిళ్ళలు పెట్టుకునేవాళ్ళకు ఒక్క మాట: సూర్యుడు కుడివైపు, చంద్రవంక ఎడమవైపు. అద్దంలో చూస్తూ పెడితే తారుమారయ్యే అవకాశం ఉంది, కాబట్టి అమ్మాయి కుడిచెయ్యి ఎటో చూసి పెట్టండి. వెనక ఒకే కొక్కెం ఉన్నవి గుండ్రంగా తిరిగిపోతాయి. రెండు కొక్కేలున్న జత తీసుకుంటే కదలదు.

చెంపసరాలను చాలామంది అందం కోసం అనుకుంటారు. వాటి అసలు పని బుట్టల బరువు చెవి తమ్మె మీద పడకుండా జుట్టు మీదికి మళ్ళించడం. సరం వదులుగా వేలాడుతుంటే బరువంతా చెవి మీదే ఉన్నట్టు. మరీ బిగిస్తే బుట్ట పైకి లేచి చెవి వంకరగా కనిపిస్తుంది. బుట్ట పెట్టి, వేలితో కొద్దిగా పైకెత్తి పట్టుకుని, చెవి తమ్మె మామూలుగా ఉన్న ఎత్తులో సరం బిగువుగా ఉండేలా కొక్కెం ఎక్కడ దిగుతుందో గుర్తు పెట్టుకోండి. ఆ చోట విడి జుట్టులోకి గుచ్చితే గంటలో జారిపోతుంది. చెవి పైన చిటికెనవేలంత పాయ తీసి సన్నజడ అల్లి, దాని మీదికి రెండు స్లైడులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి, ఆ కత్తెర ముడిలో కొక్కెం తగిలించండి. సన్నజడ పెద్ద జుట్టు కిందికి పోతుంది, బయటికి కనపడదు.

స్లైడు వేసే తీరు కూడా చెప్పాలి, ఇది తెలియక వందల పిన్నులు వృథా అవుతాయి. వంకర్లున్న కాడ తల వైపు, నున్నటి కాడ పైకి ఉండాలి. జుట్టును పట్టేది ఆ వంకర్లే.

ఇక జడ. అమ్మాయి సొంత జుట్టు ఎంత పొడుగున్నా, బిళ్ళలూ పూలూ మోయాలంటే లావు కావాలి. కాబట్టి ఎక్కువమందికి సవరం (జడలో కలిపి అల్లే విడి జుట్టు) తప్పదు. నైలాను సవరం చవక. కానీ దీపాల వెలుగులో, ఫోటోల్లో సొంత జుట్టు కన్నా ఎక్కువగా మెరిసి తేడా తెలిసిపోతుంది. పైగా నునుపు ఎక్కువై బిళ్ళలు కిందికి జారతాయి. అసలు జుట్టుతో చేసిన సవరమే తీసుకోండి. రంగు పోల్చాల్సింది పగటి వెలుతురులో, అదీ జుట్టు కొసలతో. మొదళ్ళు ఎప్పుడూ కొసలకన్నా నల్లగా ఉంటాయి, సవరం కలిసేది కొసల దగ్గర. మూడు పాయలుగా విడదీసి, పైన ఉచ్చు ఉన్న సవరం అయితే అల్లడం తేలిక. ముందు సొంత జుట్టును మెడకు మూడు నాలుగు అంగుళాల పైన రబ్బరు బ్యాండుతో గట్టిగా కట్టాలి. సవరం ఉచ్చును ఆ ముడికి నల్లదారంతో మూడు చుట్లు చుట్టి కట్టి, రెండు వైపులా యు పిన్నులు ఒకదానికొకటి ఎదురుగా దించాలి. తర్వాత ఒక్కో సవరం పాయను ఒక్కో జుట్టు పాయలో కలిపి అల్లాలి. సవరాన్ని కేవలం అల్లికతో నిలబెడితే, జడ ఎత్తి పట్టుకున్న క్షణంలో ఊడి చేతిలోకి వస్తుంది. తాళి కట్టేటప్పుడు అలా జరగడం చాలా ఇబ్బంది.

పొడవు కొలిచే పద్ధతిలో చాలామంది తప్పు చేస్తారు. నిలబెట్టి, మోకాళ్ళ దాకా ఉంటే బాగుంటుందని తెప్పిస్తారు. పీట మీద కూర్చున్నాక ఆ జడకుచ్చుల మీదే కూర్చుంటుంది పిల్ల. ముందుకు వంగిన ప్రతిసారీ తల వెనక్కి గుంజుకుంటుంది, రాకుడి పిన్నులు సడలిపోతాయి, అరగంటలో తలనొప్పి మొదలవుతుంది. కాబట్టి పీట మీద కూర్చోబెట్టి కొలవండి. రాకుడి పెట్టే చోటి నుంచి పీట దాకా టేపు పట్టి, నాలుగు వేళ్ళు తగ్గించండి. సగటు ఎత్తున్న అమ్మాయికి అది 24 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. కుచ్చులతో సహా జడ అంతే ఉండాలి. పొడుగు జడే కావాలంటే కూర్చున్నప్పుడల్లా ఎడమ భుజం మీదుగా ముందుకు తీసి ఒళ్ళో వేయడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. గంపలో కూర్చోబెట్టేముందు ఆ పని ఎలాగూ చేయాల్సిందే, లేకపోతే జడగంటలు గంప అల్లికలో ఇరుక్కుంటాయి.

ఆ 24 అంగుళాల్లోంచి రాకుడికి మూడు, కుచ్చులకు నాలుగైదు తీసేస్తే బిళ్ళలకు మిగిలేది 16, 17 అంగుళాలు. ఒక్కో బిళ్ళ సగటున అంగుళంన్నర, మధ్యలో అరంగుళం ఖాళీ వేసుకుంటే ఎనిమిది పడతాయి. కింది బిళ్ళలు చిన్నవి కాబట్టి తొమ్మిది బిళ్ళల సెట్టు సరిపోతుంది. పదకొండు పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కి, జడ వంగినప్పుడల్లా రాళ్ళు రాసుకుంటాయి. సన్నజడకు ఏడే మేలు. మధ్యలో అల్లిక కనిపిస్తేనే బిళ్ళకు అందం, ఇది నా గట్టి అభిప్రాయం.

బిళ్ళలు విడివిడిగా కొనాలా, ఒకే పట్టీగా కలిపి ఉన్న నాగజడ కొనాలా అని అడుగుతుంటారు. ఒకే పట్టీ పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ బరువంతా పైన రాకుడి దగ్గరే పడుతుంది, కింద కుచ్చు పట్టుకుని లాగితే మొత్తం కదులుతుంది. విడి బిళ్ళలకు ఓపిక కావాలి. ప్రతి బిళ్ళ వెనకా ఉన్న ఉచ్చులోంచి నల్లదారం పోనిచ్చి, జడ మధ్యపాయ గుండా సూదితో తీసి వెనక ముడి వేయాలి. అలా చేస్తే ఏ బిళ్ళ బరువు ఆ చోటే ఆగుతుంది, జడ మామూలుగా వంగుతుంది. పట్టీనే కొనేవాళ్ళు కనీసం నాలుగు చోట్ల జడతో కలిపి కుట్టించుకోండి. కొట్లో బిళ్ళను వెనక్కి తిప్పి ఉచ్చు చూడండి. ఉచ్చు సన్నతీగతో అతికించి ఉంటే వద్దు, బిళ్ళతో కలిసి పోత పోసినదై ఉండాలి. పెళ్ళిరోజు విరిగేది రాయి కాదు, ఉచ్చు.

బరువు చూడకుండా ఏదీ ఖాయం చేయకండి. సవరం, రాకుడి, బిళ్ళలు, కుచ్చులు, పూలు అన్నీ కలిపి వంటింటి కాటాలో పెట్టండి. అరకిలో దాటితే ఏదో ఒకటి తీసేయండి. పూలు తడిపి పెడతారు కాబట్టి ఆ నీళ్ళ బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

బంగారంతో చేయించే జడ కాకపోతే రెండు దారులున్నాయి. మచిలీపట్నం పక్కన చిలకలపూడి గిల్టు నగలకు పెట్టింది పేరు. రాగి మీద బంగారు పూత వేసిన జడబిళ్ళలు తేలిగ్గా, రకరకాల కొలతల్లో దొరుకుతాయి. ఎర్రరాళ్ళ టెంపుల్ సెట్టు కావాలంటే తమిళనాడు నాగర్‌కోయిల్‌లోని వడసేరి పనితనం వేరు. భౌగోళిక గుర్తింపు ఉన్న నగలవి. కూచిపూడి, భరతనాట్యం కళాకారులు పెట్టుకునే రాకుడి, సూర్యచంద్రులు ఆ కోవలోవే, ఆడుతున్నా ఊడకుండా నిలవడానికి తగ్గట్టు చేసినవి కాబట్టి పెళ్ళికీ పనికొస్తాయి. ఏదైనా సరే, రాయి వెనక రేకు పరిచి పొదిగిన నగకు తడి తగిలితే రేకు నల్లబడి రాయి మసకబారుతుంది. కుందన్ నగకూ అదే జబ్బు. అందుకే తడిపూలకు ఆనుకుని ఇవి పెట్టకూడదు. పూలజడ వేసుకుంటే పూలజడే వేయండి, పైన ఒక రాకుడి, కింద కుచ్చులు చాలు. పూల మధ్యలో బిళ్ళలు గుచ్చితే రెండూ పాడవుతాయి.

పూలజడకు ముందు చూడాల్సింది నెల. వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్ళయితే మల్లెమొగ్గలకు మించింది లేదు. మాఘ, ఫాల్గుణాల ముహూర్తాలకు మల్లెలు తక్కువ, ధర ఎక్కువ. లిల్లీ మొగ్గలు, గులాబీలు, చామంతి, కనకాంబరం వైపు వెళ్ళడం తెలివైన పని. లిల్లీ మొగ్గ గట్టిది, కుట్టడానికి బాగుంటుంది. కనకాంబరానికి వాసన లేదు కానీ త్వరగా వాడదు. వాసనకు మధ్యమధ్య మరువం, దవనం రెమ్మలు చేర్చండి. గులాబి రేకులు మడిచి కుట్టిన జడ కుట్టిన వెంటనే చూడడానికి చాలా బాగుంటుంది, నాలుగైదు గంటలయ్యేసరికి మడత అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. రాత్రంతా సాగే పెళ్ళికి అది వద్దు. కడియపులంకకో, హైదరాబాదు గుడిమల్కాపూరుకో దగ్గరలో ఉన్నవాళ్ళు పూలు నేరుగా మార్కెట్లో తెచ్చుకుంటే తాజాదనం చేతిలో ఉంటుంది.

మల్లెమొగ్గ ఉదయం కోస్తే సాయంత్రానికి విచ్చుకుంటుంది. రాత్రి పదకొండు గంటల ముహూర్తానికి మధ్యాహ్నం కుట్టిన జడ తొడిగేటప్పటికి సగం విచ్చుకుని వరుసలు చెదిరిపోతుంది. కుట్టగానే తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి, ఫ్రిజ్ కింది అరలో పెట్టి, పెట్టుకునే పదిహేను నిమిషాల ముందు తీయాలి. ఫ్రీజర్లో పెడితే మొగ్గలు నీరుకారి నల్లబడతాయి. నీళ్ళు చల్లి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టినా అంతే, చుక్క నిలిచిన చోటల్లా మచ్చ పడుతుంది.

రెడీమేడ్‌గా కుట్టిన జడ వెనక గుడ్డ ఉందో లేదో చూడండి. అట్ట మీద కుట్టి వదిలేస్తే కాడల పసరు పట్టు జాకెట్టుకు దిగుతుంది, ఆ మరక పోదు. వెనక ప్రతి మూడు నాలుగు అంగుళాలకు ఒక కట్టుతాడు ఉండాలి. పైన ఒకటి, కింద ఒకటి మాత్రమే ఉంటే మధ్యలో జడ విడిపోయి పక్కకు తిరుగుతుంది. కుట్టిన జడ వద్దు, దండలే చుట్టుకుంటాం అంటారా, ఎన్ని మూరలు కావాలో ఇలా చూసుకోండి. జడ ముఖం మూడంగుళాలు, పూలు పెట్టే పొడవు 20 అంగుళాలు, అరంగుళానికి ఒక వరుస అంటే 40 వరుసలు, 120 అంగుళాలు. మూర 18 అంగుళాలైతే ఏడు మూరలలోపే, మలుపులకు కలుపుకుని ఎనిమిది. అమ్మేవాళ్ళ చేతి మూర కాస్త కురచ కాబట్టి పది తీసుకోండి.

అమెరికాలాంటి చోట్ల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ఇక్కణ్ణుంచి తాజా పూలజడ పెట్టెలో పట్టుకెళ్దామనుకోవద్దు. పూలూ మొక్కలూ దిగగానే చెప్పి తనిఖీ చేయించుకోవాలి, అధికారులు వాటిని తీసేసుకున్నా తీసేసుకోవచ్చు. జీలుగు బెండుతో చేసిన పూలజడ తీసుకెళ్తే బరువూ లేదు, వాడిపోవడమూ లేదు. దానికి రెండు వైపులా అక్కడ దొరికిన తాజా పూలు ఒక వరుస చుట్టుకుంటే వాసనా ఉంటుంది.

పెళ్ళిరోజు మంగళస్నానం ఉంటుందని జడ వేసేవాళ్ళు మర్చిపోతారు. అప్పుడే తలంటిన జుట్టు జారుతుంది, పిన్ను నిలవదు, లోపల తడి ఉండిపోతే జడ వేశాక వాసన వస్తుంది. షాంపూతోనో కుంకుడుకాయతోనో చేసే అసలు తలస్నానం ముందు రోజే కానివ్వండి. ఆ రోజు మంగళస్నానంలో శాస్త్రానికి నాలుగు చెంబులు పోసి, పూర్తిగా ఆరబెట్టాక, పిన్నులు పట్టని మొదళ్ళ దగ్గర కొద్దిగా స్ప్రే కొట్టి మొదలుపెట్టాలి. స్ప్రే నగ పెట్టకముందే. తర్వాత కొడితే గిల్టు పూతా, ముత్యాలూ మసకబారతాయి, తలంబ్రాల పసుపు ఆ జిగురుకు అంటుకుంటుంది.

వరస ఇది: జాకెట్టు ముందు వేసుకోవాలి, తర్వాత పాపిడి, సవరం, అల్లిక, రాకుడి, బిళ్ళలు లేదా పూలు. ఆపైన చీర. పాపిడి బిళ్ళ, సూర్యచంద్రులు, చెంపసరాలు చీర కట్టాకే. మధుపర్కాలకు మారేటప్పుడు చీర తల మీదుగా తీయకుండా కింది నుంచే మార్చాలి. కుచ్చులు వడ్డాణంలో ఇరుక్కోకుండా జడ ముందుకు తీసుకోవాలి. మొత్తానికి రెండున్నర గంటలు పెట్టుకోండి.

రెండు వారాల ముందు ఒక గంట అన్నీ పెట్టించి పీట మీద కూర్చోబెట్టండి. వంగి దణ్ణం పెట్టించండి, ఎవరిచేతనైనా జడ ఎత్తించండి, ఆకాశంలోకి చూడమనండి. తల వెనక్కి వాలినప్పుడు రాకుడి మెడకు గుచ్చుకుంటే దాన్ని అంగుళం పైకి జరపాలి. ఆరోజు తోడపెళ్ళికూతురి దగ్గర చిన్న సంచిలో 40 స్లైడులు, 20 యు పిన్నులు, నల్లదారం, సూది, నాలుగు రబ్బరు బ్యాండులు, ఆరు పిన్నీసులు, చిన్న కత్తెర, ఒక తడిగుడ్డ ఉంచండి. తడిగుడ్డ జీలకర్ర బెల్లానికి: ముద్ద తీసిన వెంటనే తుడిస్తే వచ్చేస్తుంది, ఎండితే వెంట్రుకలతో సహా రావాల్సి వస్తుంది. థర్మాకోల్ పూసలు కలిపిన తలంబ్రాలు మాత్రం వద్దని మగపెళ్ళివారికి కూడా ముందే చెప్పండి. బియ్యం దులిపితే రాలిపోతుంది, ఆ పూసలు అల్లికలో దూరి రెండు రోజులు బయటికి రావు.

విప్పేటప్పుడు కింది నుంచి పైకి రావాలి. కుచ్చులు, బిళ్ళలు ఒక్కొక్క దారం కత్తిరించి తీసి, రాకుడి చివర్లో తీయండి. పెట్టిన పిన్నులెన్నో రాసి ఉంచుకుంటే ఒకటి జుట్టులో మిగిలిపోయి రాత్రి గుచ్చుకోదు. స్ప్రేతో బిగిసిన చోట కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి వేళ్ళతో విడదీయండి, దువ్వెన తర్వాత. బెల్లం అంటిన నగను నీళ్ళలో నానబెట్టకుండా తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఒక్కో బిళ్ళనూ దూదిలో విడిగా చుట్టండి. అద్దెకు తెచ్చిన సెట్టయితే తెచ్చిన రోజే వెనకవైపు ఉచ్చులు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి, రాళ్ళు లెక్కపెట్టి మరీ అప్పజెప్పండి.